హీత్రోలో దిగాక లండన్ నడిబొడ్డుకి ఏ దారి మంచిది?

మా ఇంటికి ఎవరు బయల్దేరినా ఫోన్‌లో ముందు అడిగేది ఒకటే: "ఎయిర్‌పోర్ట్ నుంచి ఏది ఫాస్ట్‌గా వస్తుంది?" జవాబు చెప్పే ముందు నేను మూడు సంగతులు అడుగుతాను. లండన్‌లో ఏ పేటకి వెళ్లాలి? చేతిలో ఎన్ని పెట్టెలున్నాయి? వెంట ఎవరున్నారు? ఇవి తెలియకుండా ఏ రైలు మంచిదో చెప్పలేం. హీత్రో నుంచి అన్నిటికంటే వేగంగా పరిగెత్తే రైలు ఒకటుంది. కానీ అది ఎక్కినవాళ్లందరూ అందరికంటే ముందు ఇంటికి చేరరు.

హీత్రో లండన్‌కి పడమటి వైపున, నడిబొడ్డు నుంచి సుమారు 23 కిలోమీటర్ల దూరంలో ఉంది. అక్కడి నుంచి ఊళ్లోకి మూడు రకాల రైళ్లున్నాయి: హీత్రో ఎక్స్‌ప్రెస్, ఎలిజబెత్ లైన్, పికడిలీ లైన్ (ఇది ట్యూబ్, అంటే లండన్ మెట్రో). ఇవి కాక కోచ్ బస్సు, టాక్సీ. నేను చెప్పే ధరలు 2025 నాటివి. టికెట్ ధరలు సాధారణంగా మార్చి నెలలో పెరుగుతాయి కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. ధరలు మారినా, ఏది చవకో ఏది ఖరీదో ఆ వరస మాత్రం దాదాపు ఇలాగే ఉంటుంది.

ముందు టెర్మినల్ సంగతి

ఇప్పుడు నడుస్తున్నవి 2, 3, 4, 5 టెర్మినళ్లు. ఒకటో టెర్మినల్‌ని 2015లో మూసేశారు. 2, 3 టెర్మినళ్లకి కలిపి ఒకే స్టేషన్ ఉంది, 4కి వేరు, 5కి వేరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాలు ఎక్కువగా 5లో, ఎమిరేట్స్ 3లో, లుఫ్తాన్సా 2లో దిగుతాయి. మీ టికెట్ మీద టెర్మినల్ నంబర్ ఉంటుంది, చూసి గుర్తుపెట్టుకోండి. ఎందుకు చెబుతున్నానంటే, ఎలిజబెత్ లైన్, పికడిలీ లైన్ అన్ని టెర్మినళ్లకీ వెళ్తాయి గానీ హీత్రో ఎక్స్‌ప్రెస్ నాలుగో టెర్మినల్‌కి వెళ్లదు. నాలుగులో దిగినవాళ్లు ఎలిజబెత్ లైన్‌లో 2, 3 స్టేషన్ దాకా వచ్చి అక్కడ మారాలి. ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి ఈ రైళ్లలో వెళ్లడం ఉచితం.

పదిహేను నిమిషాల రైలు

హీత్రో ఎక్స్‌ప్రెస్ 1998 నుంచి నడుస్తోంది. 2, 3 టెర్మినళ్ల స్టేషన్‌లో ఎక్కితే మధ్యలో ఎక్కడా ఆగకుండా 15 నిమిషాల్లో పాడింగ్టన్‌లో దింపుతుంది. ఐదో టెర్మినల్ నుంచి అయితే 21 నిమిషాలు. బండి కూడా బాగుంటుంది, పెట్టెలు పెట్టుకోవడానికి విడిగా చోటుంటుంది. అప్పటికప్పుడు కొంటే ఒక్కొక్కరికి సుమారు 25 పౌండ్లు. చాలా రోజుల ముందు కొనుక్కుంటే 10 పౌండ్ల నుంచి దొరుకుతుంది. పెద్దవాళ్లతో వచ్చే పిల్లలకి 15 ఏళ్లు, అంతకంటే తక్కువ ఉంటే టికెట్ అక్కర్లేదు.

చిక్కు ఎక్కడంటే, పాడింగ్టన్ చాలామందికి గమ్యం కాదు. అది నడిబొడ్డుకి పడమటి అంచు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దగ్గర హోటల్ తీసుకున్నారనుకోండి. ఎక్స్‌ప్రెస్‌లో 15 నిమిషాలు. పాడింగ్టన్‌లో దిగి, పెట్టెలు లాక్కుంటూ కిందున్న ప్లాట్‌ఫాం దాకా వెళ్లడానికి ఇంకో పది. రైలు కోసం కాసేపు ఎదురుచూపు, ఆ తర్వాత మళ్లీ ప్రయాణం. మొత్తం అరగంట దాటుతుంది. పైగా పాడింగ్టన్ నుంచి ముందుకి ఎక్కే ట్యూబ్‌కి వేరే డబ్బు. అదే ఎలిజబెత్ లైన్ హీత్రో నుంచి ఏ మార్పూ లేకుండా సుమారు 35 నిమిషాల్లో అక్కడే దింపుతుంది, సగం ధరకి.

అందుకని ఎక్స్‌ప్రెస్‌ని ఎవరికి సిఫారసు చేస్తానంటే: పాడింగ్టన్ చుట్టుపక్కలే దిగేవాళ్లకి, పాడింగ్టన్‌లో కార్డిఫ్ వైపో, ఆక్స్‌ఫర్డ్ వైపో వెళ్లే రైలు పట్టుకోవాల్సినవాళ్లకి, ముందే చవగ్గా టికెట్ దొరికినవాళ్లకి. ముందే కొనే టికెట్ మీరు దిగే రోజుకే చెల్లుతుంది కాబట్టి, విమానం అర్ధరాత్రి దాటి మరుసటి రోజుకి వాయిదా పడితే ఏమవుతుందో షరతులు చదివి కొనండి.

ఒక జాగ్రత్త. 2, 3 టెర్మినళ్ల స్టేషన్‌లో ఎక్స్‌ప్రెస్, ఎలిజబెత్ లైన్ ఒకే ప్లాట్‌ఫాం మీదికి వస్తాయి. ముందొచ్చింది కదా అని ఎక్కేయకండి. పైన బోర్డు మీద పేరు చదివి ఎక్కండి. నిద్రలేని కళ్లతో ఈ పొరపాటు చేసి, చవక రైలు ఎక్కామనుకుని ఎక్కువ కట్టినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

ఎలిజబెత్ లైన్: చాలామందికి ఇదే

2022 మే 24న ఈ లైన్ మధ్య భాగం తెరిచారు. ఆ ఏడాది నవంబర్ నుంచి హీత్రోలో ఎక్కిన రైలు మారకుండా నేరుగా నడిబొడ్డు దాటి తూర్పు దాకా వెళ్తోంది. అంతకు ముందు మేమంతా ఎయిర్‌పోర్ట్ దారులు ఒక లెక్కతో చెప్పేవాళ్లం. ఇది వచ్చాక ఆ లెక్కంతా మారిపోయింది.

హీత్రో నుంచి పాడింగ్టన్‌కి సుమారు అరగంట, ఆ తర్వాత బాండ్ స్ట్రీట్, టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, ఫారింగ్డన్, లివర్‌పూల్ స్ట్రీట్, వైట్‌చాపెల్, కెనరీ వార్ఫ్. లివర్‌పూల్ స్ట్రీట్‌కి నలభై నిమిషాలు దాటుతుంది, కెనరీ వార్ఫ్‌కి యాభై లోపే. జోన్ 1లో, అంటే నడిబొడ్డులో, ఎక్కడికైనా 13.90 పౌండ్లు. ఇందులో ఒక మంచి సంగతుంది: ఒకే కార్డుతో వెళ్తే, ఎలిజబెత్ లైన్ దిగి అక్కడి నుంచి ట్యూబ్‌లో మారి జోన్ 1లోనే ఇంకో స్టేషన్‌కి వెళ్లినా ఆ ధరే సరిపోతుంది, అదనంగా పడదు.

నేను దీన్ని ఇంతగా చెప్పడానికి అసలు కారణం వేగం కాదు, లిఫ్టులు. ఈ లైన్‌లో ఉన్న 41 స్టేషన్లలోనూ మెట్లు ఎక్కకుండా రోడ్డు నుంచి ప్లాట్‌ఫాం దాకా వెళ్లొచ్చు. హీత్రోలోనూ నడిబొడ్డు స్టేషన్లలోనూ రైలు గడప ప్లాట్‌ఫాంకి సమానంగా ఉంటుంది, పెట్టె ఎత్తకుండా దొర్లించుకుంటూ లోపలికి వెళ్లిపోవచ్చు. బండి ఏసీది, రెండు వందల మీటర్లకి పైగా పొడవు. ప్లాట్‌ఫాం చివరిదాకా నడిస్తే జనం తక్కువున్న బోగీ దొరుకుతుంది. పొద్దున ఆఫీసు వేళలో మాత్రం పాడింగ్టన్ దాటాక బాగా కిక్కిరిసిపోతుంది. అయినా మీరు ఎయిర్‌పోర్ట్‌లోనే ఎక్కుతారు కాబట్టి సీటు దొరికే అవకాశం ఎక్కువ.

యూనివర్సిటీలో చేరడానికి సెప్టెంబర్‌లో దిగే పిల్లలకి ఒక దారి చెప్పాలి. చాలామంది హాస్టళ్లు కింగ్స్ క్రాస్ చుట్టుపక్కల ఉంటాయి. మ్యాప్‌లో చూస్తే పికడిలీ లైన్ నేరుగా వెళ్తుంది కాబట్టి అదే ఎక్కేస్తారు. చేతిలో చిన్న బ్యాగ్ ఉంటే అది సరే. రెండు 23 కిలోల పెట్టెలుంటే మాత్రం ఎలిజబెత్ లైన్‌లో ఫారింగ్డన్ దాకా వచ్చి, అక్కడ లిఫ్టులో పైకొచ్చి మరో రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే కింగ్స్ క్రాస్. ఒకసారి మారాల్సి వచ్చినా ఒళ్లు అలవదు.

మనవాళ్లు ఎక్కువగా ఉండే ఈస్ట్ హామ్‌కి వెళ్లేవాళ్లు వైట్‌చాపెల్‌లో దిగి డిస్ట్రిక్ట్ లైన్ పట్టుకోవచ్చు. ఇల్ఫర్డ్ ఎలిజబెత్ లైన్ మీదే ఉంది, కాకపోతే రైళ్లు వైట్‌చాపెల్ దగ్గర రెండుగా చీలతాయి. మీరెక్కింది ఆబీ వుడ్ వెళ్లేదయితే అక్కడ దిగి షెన్‌ఫీల్డ్ వైపు వెళ్లేది ఎక్కాలి. సౌతాల్ అయితే హీత్రో నుంచి రెండో స్టాపే.

పికడిలీ లైన్: డబ్బు మిగిలేది ఇక్కడే

ట్యూబ్ 1977లోనే హీత్రోకి చేరింది. జోన్ 1 దాకా 5.80 పౌండ్లు. ఒకప్పుడు రద్దీ లేని వేళల్లో ఇంకా తక్కువ ఉండేది. 2022 సెప్టెంబర్ నుంచి హీత్రో, జోన్ 1 మధ్య ట్యూబ్‌లో ఎప్పుడు వెళ్లినా రద్దీ వేళ ధరే. అయినా ఎలిజబెత్ లైన్‌తో పోలిస్తే మనిషికి ఎనిమిది పౌండ్లు మిగులుతుంది. ఒంటరిగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలకి ఎనిమిది పౌండ్లంటే తక్కువేమీ కాదు. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు నచ్చదు.

నడిబొడ్డుకి యాభై నిమిషాల నుంచి గంట. కింగ్స్ క్రాస్ దాకా ఇరవైకి పైగా స్టేషన్లలో ఆగుతుంది. 1970లలో వచ్చిన పాత బండ్లు ఇంకా నడుస్తున్నాయి, వాటిలో ఏసీ లేదు. ఎండాకాలం సాయంత్రం సొరంగంలో ఉక్కపోస్తుంది. పెట్టెలకి తలుపు పక్కన కాస్త ఖాళీ ఉంటుంది, అంతకు మించి చోటుండదు. కానీ దాదాపు సగం దారి భూమి మీదే వెళ్తుంది. మొదటిసారి వచ్చినవాళ్లు ఆ ఇటుక ఇళ్ల వరసలు, వాటి వెనకున్న చిన్న చిన్న పెరళ్లు చూస్తూ కూర్చుంటారు. ఆ గంట నాకు ఇప్పటికీ ఇష్టం.

నైట్స్‌బ్రిడ్జ్, సౌత్ కెన్సింగ్టన్, ఎర్ల్స్ కోర్ట్, హామర్‌స్మిత్ ఇవన్నీ ఈ లైన్ మీదే ఉన్నాయి. వీటికి ఎలిజబెత్ లైన్‌లో వెళ్లడమంటే చుట్టు తిరగడమే. విక్టోరియా, వెస్ట్‌మిన్‌స్టర్ వెళ్లేవాళ్లు హామర్‌స్మిత్‌లో దిగితే, అదే ప్లాట్‌ఫాంకి ఎదురుగా డిస్ట్రిక్ట్ లైన్ రైలు ఆగుతుంది. మెట్లు, లిఫ్టు ఏమీ అక్కర్లేదు, నాలుగడుగులు వేస్తే చాలు. హౌన్స్‌లోలో చుట్టాలుంటే ఇంకేమీ ఆలోచించకండి, పికడిలీ లైన్‌లో కొద్ది స్టేషన్లే. బస్సులో కూడా వెళ్లొచ్చు, 111 నంబర్ అటే వెళ్తుంది. బస్సు టికెట్ 1.75 పౌండ్లు. లండన్ సిటీ బస్సుల్లో 2014 నుంచి నగదు తీసుకోరు, కార్డు ఉండాల్సిందే.

పికడిలీ లైన్‌తో అసలు ఇబ్బంది దిగే చోట వస్తుంది. హీత్రో స్టేషన్లన్నిటిలో లిఫ్టులున్నాయి కాబట్టి ఎక్కేటప్పుడు ఏమీ తెలియదు. ఎర్ల్స్ కోర్ట్, గ్రీన్ పార్క్, కింగ్స్ క్రాస్‌లో మెట్లు లేకుండా బయటికి రావచ్చు. పికడిలీ సర్కస్, లెస్టర్ స్క్వేర్, రస్సెల్ స్క్వేర్, సౌత్ కెన్సింగ్టన్‌లో అలా కుదరదు. కోవెంట్ గార్డెన్‌లో లిఫ్టు వద్దని మెట్లదారి పట్టారంటే 193 మెట్లు, అవి కూడా గుండ్రంగా తిరిగేవి.

మా అమ్మానాన్న మొదటిసారి వచ్చినప్పుడు నేను వాళ్లని ట్యూబ్‌లోనే తీసుకెళ్లాను. నాలుగు పెట్టెలు, అందులో రెండింట్లో పచ్చళ్లు, పొడులు. దిగిన స్టేషన్‌లో మెట్లున్నాయన్న సంగతి నేను చూసుకోలేదు. నేను ఒక్కో పెట్టె పైకి చేర్చి మళ్లీ కిందికి వస్తుంటే, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కమ్మీ పట్టుకుని మెల్లగా ఎక్కింది. "ఏం ఫర్వాలేదు నాన్నా" అంటూనే ఉంది. ఆ రాత్రి ఆమె కాళ్లు వాచాయి. ఆ రోజు మిగిలిన డబ్బెంతో నాకు గుర్తు లేదు, కమ్మీ పట్టుకున్న ఆమె చెయ్యి మాత్రం గుర్తుంది. అందుకే ఎవరైనా పెద్దవాళ్లని తీసుకొస్తున్నారంటే, ముందు వాళ్లు దిగే స్టేషన్ పేరు అడిగి, మెట్లు లేని స్టేషన్లు గుర్తు పెట్టిన ట్యూబ్ మ్యాప్‌లో నేనే చూసి చెబుతాను.

టాక్సీ ఎప్పుడు సబబు

టాక్సీ అనగానే మనవాళ్లు "అమ్మో" అంటారు. ఒంటరివాళ్లకి ఆ మాట నిజమే. నల్ల టాక్సీ మీటర్ మీద నడుస్తుంది, నడిబొడ్డుకి 60 పౌండ్లు దాటడం మామూలు. ట్రాఫిక్ ఉంటే వంద దాకా పోతుంది. కానీ ఆ డబ్బు బండికి, మనిషికి కాదు. నలుగురు పెద్దవాళ్లు ఎలిజబెత్ లైన్‌లో వస్తే 55 పౌండ్ల 60 పెన్నీలు. హీత్రో ఎక్స్‌ప్రెస్‌లో అప్పటికప్పుడు కొంటే దాదాపు వంద. పైగా స్టేషన్ నుంచి ఇంటిదాకా మళ్లీ ఏదో ఒకటి చూసుకోవాలి. టాక్సీ గుమ్మం ముందు ఆగుతుంది. నల్ల టాక్సీలో ఐదుగురు కూర్చోవచ్చు, ప్రతి దానిలోనూ వీల్‌చెయిర్ ఎక్కించే వీలుంది, కార్డుతో డబ్బు కట్టొచ్చు. ప్రతి టెర్మినల్ బయటా వాటి వరస ఉంటుంది, ముందు బుక్ చేసుకోనక్కర్లేదు.

అదే ఇద్దరు పెద్దవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలిద్దరు అయితే లెక్క వేరు. ట్యూబ్‌లోనూ ఎలిజబెత్ లైన్‌లోనూ పెద్దవాళ్లతో వచ్చే 11 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ లేదు. 27 పౌండ్ల 80 పెన్నీలతో కుటుంబమంతా వచ్చేస్తుంది. అప్పుడు రైలే మేలు. పిల్లలు నిద్రపోతూ ఉంటే మాత్రం మీ ఇష్టం. నిద్రపోయే పిల్లాడిని భుజాన వేసుకుని పెట్టె లాగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మినీక్యాబ్, అంటే ముందుగా బుక్ చేసుకునే కారు, సాధారణంగా నల్ల టాక్సీ కంటే తక్కువకి వస్తుంది. ధర ముందే తెలుస్తుంది కాబట్టి ట్రాఫిక్‌లో మీటర్ చూసి టెన్షన్ పడే పని లేదు. కాకపోతే దాన్ని ముందే బుక్ చేసుకోవాలి, అది చట్టం. అరైవల్స్‌లో బయటికి రాగానే దగ్గరికొచ్చి "టాక్సీ కావాలా" అని అడిగేవాళ్లతో వెళ్లకండి. అలా పిలిచి ఎక్కించుకోవడం అక్కడ నేరం. తెలుగులోనో హిందీలోనో పలకరించినా సరే, వెళ్లకండి.

కోచ్ గురించి రెండు మాటలు. నేషనల్ ఎక్స్‌ప్రెస్ బస్సులు 2, 3 టెర్మినళ్ల దగ్గరున్న సెంట్రల్ బస్ స్టేషన్ నుంచి విక్టోరియా కోచ్ స్టేషన్‌కి వెళ్తాయి. పెద్ద పెట్టెలు కింద డిక్కీలో పెడతారు, మీరు హాయిగా కూర్చోవచ్చు. పట్టే సమయం మాత్రం రోడ్డు మీద ఆధారపడి ఉంటుంది. విక్టోరియా దగ్గర ఉండేవాళ్లకి, అక్కడి నుంచి వేరే ఊరికి కోచ్ ఎక్కేవాళ్లకి బాగుంటుంది.

కార్డు సంగతి ఇండియాలోనే చూసుకోండి

రైళ్లకి, సిటీ బస్సులకి ప్రత్యేకంగా టికెట్ కొనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ కార్డు గానీ ఫోన్ గానీ గేటు దగ్గర ఆనిస్తే చాలు. లోపలికి ఏది ఆనించారో బయటికి అదే ఆనించాలి. లోపలికి కార్డు, బయటికి ఫోన్ అయితే రెండు వేర్వేరు ప్రయాణాల కింద లెక్కేసి ఎక్కువ డబ్బు కోస్తారు. ఒక కార్డు ఒక్కరికే. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు ఆనించడం కుదరదు. ఇద్దరికీ విడివిడిగా ఉండాలి.

మన దేశంలో ఆర్‌బీఐ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం, కాంటాక్ట్‌లెస్ మనం కావాలని తెరిస్తేనే పనిచేస్తాయి. బయల్దేరే ముందే బ్యాంక్ యాప్‌లో రెండూ ఆన్ చేసుకోండి. కార్డు వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌లలో ఏదో ఒకటి అయి ఉండాలి. అలాంటి కార్డు లేకపోతే స్టేషన్‌లో ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) కొనుక్కోవచ్చు. ఆ కార్డుకే వేరుగా డబ్బు కట్టాలి, అది తిరిగి రాదు. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలుంటే మాత్రం ఆయిస్టర్ కొనడమే లాభం. స్టేషన్ సిబ్బందిని అడిగితే దాని మీద పిల్లల తగ్గింపు పెట్టిస్తారు, సగం ధర పడుతుంది.

రాత్రి ఆలస్యమైతే

ఎలిజబెత్ లైన్‌కి, హీత్రో ఎక్స్‌ప్రెస్‌కి రాత్రంతా నడిచే సర్వీసు లేదు. పికడిలీ లైన్ మాత్రం శుక్ర, శనివారాల రాత్రుళ్లు తెల్లవార్లూ నడుస్తుంది, అదీ నాలుగో టెర్మినల్‌కి కాదు. మిగతా రాత్రుళ్లు ఎన్9 బస్సు ఉంటుంది. ఆల్డ్‌విచ్ దాకా, అంటే సరిగ్గా నడిబొడ్డుకి వెళ్తుంది. ఆ వేళలో వెళ్లే ఎయిర్‌పోర్ట్ ఉద్యోగులతో నిండుగానే ఉంటుంది కాబట్టి భయపడక్కర్లేదు. ఒంటరిగా చిన్న బ్యాగ్‌తో వచ్చిన కుర్రాళ్లకి చాలు. అమ్మానాన్నలు ఆ వేళకి దిగుతుంటే మాత్రం కారు ముందే బుక్ చేసి, డ్రైవర్ పేరు, బండి నంబర్ వాళ్ల ఫోన్‌కి పంపడమే కాకుండా ఒక కాగితం మీద రాయించి పాస్‌పోర్ట్‌లో పెట్టించండి. దిగాక సిమ్ పనిచేయకపోవచ్చు. టెర్మినల్‌లో ఉచిత వైఫై ఉంటుంది గానీ, ఆ అలసటలో దానికి కనెక్ట్ అవడం వాళ్లకి కుదరకపోవచ్చు. వీల్‌చెయిర్ కావాలంటే విమానం ఎక్కడానికి కనీసం 48 గంటల ముందు ఎయిర్‌లైన్‌కి చెప్పండి. విమానం తలుపు దగ్గర నుంచి ఇమిగ్రేషన్ దాటించి అరైవల్స్ దాకా సిబ్బందే తీసుకొస్తారు. మీరు ఆ రెయిలింగ్ దగ్గర నిలబడితే చాలు.